జానెడు మిగిలిపోయిన పడుగు

యలహంకలో మా వీధి చివరనున్న పార్కుకు పొద్దున్నే నడకకని వచ్చే మా ఈడువాళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. నడకన్నది పేరుకే. రెండు చుట్లు తిరిగేసరికి మోకాళ్ళు గుర్తొస్తాయి, ఆ తర్వాత సిమెంటు బెంచీల మీద చేరి షుగరు మాత్రల దగ్గర్నుంచి దేశ రాజకీయాల దాకా అన్నీ నమిలి ఇళ్ళకు పోతాం. మొన్నొక ఉదయం, పేటలో స్టీలు పాత్రల అంగడిని కొడుకులకు అప్పజెప్పి విశ్రాంతిగా ఉంటున్న పెద్దాయన ఒకరు ఫోను తీసి మాకందరికీ ఒక ప్రకటన చూపించారు. వియత్నాం, కంబోడియా, ఎనిమిది రోజులు, మూడు పూటలా మన భోజనం, వెంట వంటవాడు, కన్నడం తెలిసిన గైడు, అన్నీ కలిపి ఇంత చవగ్గా మరెక్కడా దొరకదట. "ఏమప్పా, మీరు పోయొచ్చినారు గదా, ఎట్లుంటాది చెప్పండి. పోదామా, సుమ్నే ఇంట్లో ఉందామా?" అని ఆయన అడిగేసరికి అందరూ నావైపు తిరిగారు.

అడిగితే చెప్పకుండా ఉండే మనిషిని కాను నేను. ముందు మంచి చెప్పాను. మన వయసులో, మనకొచ్చిన ఇంగ్లీషుతో విదేశం పోవాలంటే గుంపులో పోవడమంత సుఖం మరొకటి లేదు. వీసా కాగితాలు వాళ్ళే నింపుతారు, విమానాశ్రయంలో మన గేటెక్కడని వెతుక్కునే పని లేదు, ముందున్న మనిషి వీపు చూసుకుంటూ నడిస్తే చాలు. కడుపులో గడబిడైతే గుంపులో ఎవరో ఒకరి సంచిలో మాత్ర ఉంటుంది. వంటవాడు హోటలు పెరట్లో స్టవ్వు పెట్టి కాచిన చారు, ఆ దేశంకాని దేశంలో, కాగితపు పళ్ళెంలో పడేసరికి నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో రోజుకల్లా ముక్కూ మొహం తెలియని వాళ్ళలో ఒకామె అక్కయ్య అయిపోతుంది, ఒకాయన బావగారు అయిపోతాడు. ఆ తర్వాత చెడు కూడా చెప్పాను. చవక టూరన్నాక హోటళ్ళు ఊరికి ఆమడ దూరంలో ఉంటాయి, పొద్దున ఐదింటికే తలుపులు కొడతారు, ఎంత పెద్ద గుడికైనా గంటన్నరే ఇస్తారు, అంగళ్ళకు మాత్రం రెండేసి గంటలు, ఎందుకంటే అంగడివాడి దగ్గర గైడుకు వాటా ఉంటుంది. కాలు పెట్టి చూసిన దానికంటే బస్సు కిటికీలోంచి దాటిపోయిందే ఎక్కువ. నచ్చినచోట ఆగడానికి ఉండదు, నచ్చనిచోట కదలడానికి ఉండదు. అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం, అయితే పోవచ్చన్నమాట, అని తనకు కావలసింది ఏరుకున్నారు.

ఇంటికొచ్చి కాఫీ గ్లాసుతో కూర్చున్నాక, అంతా చెప్పి ఒక్కటి దాచుకున్నానని నాకే తెలిసిపోయింది. అది పార్కు బెంచీ మీద నవ్వుల మధ్య చెప్పే సంగతి కాదు. ఆ ప్రయాణంలో నా పక్క సీట్లో కూర్చున్న నా భార్య పోయి ఇప్పటికి ఐదేళ్ళు. ఆమెకు నేను చేసిన ఒక పనిని గురించి నా ఈడువాళ్ళకైనా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

కొంచెం వెనక్కి పోవాలి. నేను పుట్టి పెరిగింది పాత బెంగళూరు పేటలో, మగ్గాల సందులో. మా తాతల నాడెప్పుడో హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన నేతవాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం, మగ్గం దగ్గర రెండూ కలిసిన మరొక భాష. ప్రతి ఇంటి ముందుగదిలోనూ గుంట మగ్గం ఉండేది, పొద్దున ఆ చప్పుడుతోనే మెలకువ వచ్చేది, చప్పుడు వినే అది ఎవరి మగ్గమో పిల్లలం చెప్పేసేవాళ్ళం. ఇన్ని తెలిసినా నాకు మగ్గం మీద మనసు పోలేదు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే జీవితమంతా అందులోనే కూరుకుపోతానని భయం. పదో తరగతి గట్టెక్కగానే టైపు నేర్చుకుని, నాలుగేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి, ఒక పెద్ద కర్మాగారంలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా కుదురుకున్నాను.

టైమ్ ఆఫీసంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు, మీకు తెలుసు. పొద్దున ఏడున్నరకు సైరన్ కూస్తుంది, ఆ లోపల కార్మికులు తమ కార్డులు గడియారం పెట్టెలో గుద్దించుకుని లోపలికి పోవాలి, సైరన్ ఆగగానే గేటు వేయించడం నా పని. ముప్ఫై మూడేళ్ళు ఆ పని చేశాను. ఒకసారి మా వీధివాడే, ఫిట్టరు, భార్యను కాన్పుకు చేర్పించి పరుగెత్తుకుంటూ వచ్చి గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు, ఆలస్యం రెండు నిమిషాలు. నేను గేటు తెరిపించలేదు, ఆ పూట గైర్హాజరు రాశాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడడం మానేశాడు, నేనేమో దాన్ని ఒక బిరుదు లాగా మోసుకు తిరిగాను. గడియారం విషయంలో తండ్రి అని కూడా చూడడు అని అధికారులు అంటుంటే ఛాతీ ఉబ్బేది. అప్పట్లో నా గురించి నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది.

నా భార్యది దొడ్డబళ్ళాపురం, ఆమె పుట్టింటివాళ్ళూ నేతవాళ్ళే. మాట తక్కువ, చేయి ఎక్కువ. ఆమె మా ఇంటికి వచ్చిన ఏడాదిలోపే సందంతా ఆమె కోసం రావడం మొదలుపెట్టింది, పడుగు అతకడానికి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరుస, నేత అయిపోవచ్చినప్పుడు, దాని కొసలను అలాగే ఉంచి కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటితో కలపాలి. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకుని, పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి పట్టి ఒక్క మెలి. వేల పోగులు. వెంట్రుక కంటే సన్నని పట్టు. ముడి వేయకూడదు, మెలి తిప్పాలంతే, తెగకూడదు, వరుస తప్పకూడదు. ఇద్దరు ఆడవాళ్ళు చెరొక అంచు నుంచి మొదలుపెట్టి నడుమకు వస్తారు. చివరి పోగుల దగ్గర ఇద్దరి చేతులూ కలిసినప్పుడు ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టుకుంటారు, అది మా సందు ఆచారం. అతకడానికి కూర్చున్నవాళ్ళు ముగియకుండా లేవకూడదన్నది మరొకటి. పిల్లలు ఏడ్చినా, పాలు పొంగినా, ఎవరో ఒకరు పోయి చూసుకోవాలి కానీ అతికే మనిషిని లేపకూడదు. లేపితే ఆ ఇంటి మగ్గానికి మంచిది కాదని మా అమ్మ గట్టిగా నమ్మేది. నా భార్య అలా కూర్చుందంటే ముఖంలో వేరే వెలుగేదో వచ్చేది, పిలిస్తే పలికేది కాదు. కొత్త పెళ్ళికొడుకును, నాకది చూడముచ్చటగా ఉండేది.

మా అమ్మ పోయిన రెండేళ్ళకు మగ్గం తీయించేశాను. పట్టు దొరకడం కష్టమైంది, మరమగ్గాలు వచ్చాయి, ఇవన్నీ నేను అందరికీ చెప్పిన కారణాలు. అసలు కారణం వేరు. మా ఆఫీసువాళ్ళు ఇంటికి వస్తే ముందుగదిలో ఆ గుంట కనబడడం నాకు నామోషీగా ఉండేది. సోఫా వేసుకోవాలని కోరిక. ఆమె రెండో కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు, చెబితే అడ్డు చెబుతుందేమోనని చెప్పకుండా, మగ్గం విప్పించి, గుంట పూడ్పించి, మీద సిమెంటు చేయించాను. ఆ బిడ్డ మాకు దక్కలేదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన మనిషి గడపలో నిలబడి ఆ నున్నటి నేలను చూసింది. ఆ తర్వాత చాలా నెలలు ఆ చోటును తొక్కకుండా పక్కనుంచి నడిచేది, సోఫాలో కూర్చునేది కాదు. నాకు కోపం వచ్చేది కూడా, నన్ను సాధిస్తున్నదని.

ఆ తర్వాత అందరి కాపురాల లాగే మాదీ గడిచింది. కూతురు చదువుకుని ఉద్యోగంలో చేరి మారతహళ్ళిలో కాపురం పెట్టింది, పేటలో ఇల్లు అమ్మి మేము యలహంక వచ్చాం, నేను రిటైరయ్యాను. ఒకసారైనా విమానం ఎక్కండి అని కూతురు పోరు పెట్టింది. నాకు అన్ని దేశాలూ ఒకటే, చవగ్గా రావాలి అంతే. నా భార్య మాత్రం, అక్కడెక్కడో అడవి నడుమ విష్ణుమూర్తికి అంత పెద్ద గుడి కట్టినారంట కదా, అది చూస్తాను అంది. నాకు గుర్తున్నంతలో ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదలు. అలా మేము కంబోడియా బయలుదేరాం, ముప్ఫై నాలుగు మందిమి, అందరం తలకొక ఎర్రటోపీ పెట్టుకుని.

మొదటి రోజు అందరికంటే ముందు విమానాశ్రయం చేరింది మేమే. మా గైడు మండ్య వైపు మనిషి, నవ్వుముఖం, మేమలా ముందే రావడం చూసి, నా పాత ఉద్యోగం సంగతి కనుక్కుని, తల లెక్క బాధ్యత నాకు అప్పజెప్పాడు. చేతిలో పేర్ల జాబితా పెట్టి, మెడలో పీపీ వేసి, ఇంక మీరే మా లీడరు సార్ అన్నాడు. రిటైరై మూడేళ్ళుగా పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్న మనిషికి అదెంత సంబరమో మీరు ఊహించుకోవచ్చు. బస్సు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ ఎక్కించేవాణ్ణి. చింతామణి నుంచి వచ్చిన దంపతులు రెండో రోజు పావుగంట ఆలస్యం చేశారు. వాళ్ళను ఏమనాలో తెలియక, నేనే అప్పటికప్పుడు ఒక నియమం పెట్టాను, ఆలస్యంగా వచ్చినవాళ్ళు బస్సులో అందరి ముందూ నిలబడి ఒక పాట పాడాలని. ఆ దంపతులు సిగ్గుపడుతూ పాడారు, బస్సంతా నవ్వులు, చప్పట్లు. గైడు నా వీపు తట్టాడు. నా భార్య కిటికీ వైపు తిరిగి, పాపం వాళ్ళను అట్ల నిలబెట్టకుండా ఉండాల్సింది అంది మెల్లగా.

మూడో రోజు రాజధాని నుంచి గుడి ఉన్న ఊరికి బస్సులో ప్రయాణం. దారంతా వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, మన అనంతపురం వైపే పోతున్నామా అనిపించేది. సగం దారిలో ఒక పెద్ద అంగడి ముందు బస్సు ఆపారు. మాకెవరికీ ఆ అంగడితో పని లేదు, కానీ గైడుకు ఉంది, ముప్పావుగంట ఇచ్చాడు. లోపల ఎండబెట్టిన పండ్లు, తాటిబెల్లం, మన గళ్ళ తువ్వాళ్ళ లాంటి తువ్వాళ్ళు. నా భార్య తాటిబెల్లం పొట్లం ఒకటి కొనుక్కుంది. నేను చల్లగాలి వచ్చేచోట కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఆమె ఎప్పుడు బయటికి పోయిందో నేను చూడలేదు.

సమయం కాగానే పీపీ ఊదాను, జనం ఎక్కారు, లెక్కపెడితే ముప్ఫై ముగ్గురు. తక్కువైంది ఎవరో తెలియడానికి జాబితా అక్కర్లేకపోయింది. పది నిమిషాలు చూశాం. గైడు మరుగుదొడ్ల వైపు పోయి వచ్చాడు, గుంపులో ఒకామె అంగడంతా గాలించింది. బస్సులో ఆకలి మొదలైంది, మధ్యాహ్నం భోజనం ఇంకా గంట దూరంలో ఉంది. చివరికి డ్రైవరు రోడ్డుకు అవతల వేలు చూపించాడు. అక్కడ గుంజల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇల్లొకటి ఉంది, ఆ ఇంటి కింద నీడలో ఎర్రటోపీ కనబడింది. రోడ్డు ఇవతల నుంచే రెండుసార్లు గట్టిగా పీపీ ఊదాను. టోపీ కదల్లేదు. నేను రోడ్డు దాటాను.

ఇంటి కింద ఒక మగ్గం ఉంది. మన గుంట మగ్గం కాదు, నాలుగు కాళ్ళ చెక్క చట్రం, నేత మనిషి పలక మీద కూర్చునేది. మగ్గానికి అవతల అంచున ఆమె ఈడుదే ఒక నల్లటి ఆడమనిషి, ఇవతల అంచున, నా వైపు వీపు పెట్టి, నా భార్య. ఇద్దరి నడుమా పచ్చని పట్టు పడుగు. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు, వాళ్ళు మాట్లాడుకోవడమూ లేదు. నా భార్య వేళ్ళు పోతున్నాయి, పాత పోగు, కొత్త పోగు, మెలి, పాత పోగు, కొత్త పోగు, మెలి. ముప్ఫై ఏళ్ళుగా మగ్గం ముట్టని వేళ్ళు. అవతలామె ఒకటి అతికేలోపు ఈమె రెండు అతుకుతున్నది, అవతలామె అది చూసి తలాడిస్తూ నవ్వుతున్నది. నేను పిలుద్దామని వచ్చినవాణ్ణి, పిలవకుండా నిలబడిపోయాను. మా పేట ఇంటి ముందుగదిలో ఇరవై ఏళ్ళ పిల్ల ఇలాగే కూర్చుని ఉండేది, మెడ ఇలాగే ఒక పక్కకు వాలి ఉండేది. ఒక రెండు మూడు నిమిషాలు అలా ఉన్నానేమో. అంత మాత్రం నాకు చేతనైంది.

బస్సు హారన్ మోగింది. నాకు వెంటనే నా మెడలోని పీపీ గుర్తొచ్చింది, బస్సులో ముప్ఫై ఇద్దరు నన్ను గురించి ఏమనుకుంటున్నారో గుర్తొచ్చింది.

"ఏం చేస్తుండావు? అందరూ కాచుకోనుండారు. లెయ్యి" అన్నాను.

ఆమె తిరిగి చూడలేదు. వేళ్ళు ఆపకుండానే, "ఇంగ జానెడే ఉండాది, చూడండి. ఇట్లే అయిపోతుంది" అంది.

నిజమే, నడుమ జానెడు కంటే లేదు. నేను వంగి ఆమె భుజం పట్టుకుని లేపాను. పడుగు అతికే మనిషిని లేపకూడదని తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆమె లేచింది. అవతలామె నన్ను చూసి నవ్వు ఆపేసింది. నా భార్య సంచి విప్పి, ఆ తాటిబెల్లం పొట్లం చించి, ఒక ముక్క తీసి అవతలామె నోటికి అందించింది. ఆమెకు ఎందుకో తెలియక ఒక క్షణం చూసి తర్వాత నోరు తెరిచింది. ముగియకుండా బెల్లం పెట్టడం నేను చూడడం అదొక్కసారే. తనకు మాత్రం ఆమె పెట్టుకోలేదు.

అక్కడితో ఆగినా కొంత బాగుండేది. బస్సెక్కాక వెనక సీట్లోంచి ఎవరో తమాషాకే, లీడరు ఇంటామెకు రూలు లేదాప్పా అన్నారు. అందరూ నవ్వారు. నా వాళ్ళకొక న్యాయం, పరాయివాళ్ళకొక న్యాయం అనిపించుకోవడం నా వల్ల కాదు కదా, ముప్ఫై మూడేళ్ళు గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి కదా. పాడమన్నాను. ఆమె నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నిజమే అంటున్నానా అని తేల్చుకోవడం ఉంది, అంతే. లేచి, ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడి, మా ఇంట్లో శుక్రవారాలు హారతి పట్టేటప్పుడు పాడేది రెండు వరుసలు పాడింది. గొంతు మధ్యలో ఒకసారి ఆగింది, మళ్ళీ అందుకుంది. బొటనవేలికి, చూపుడువేలికి బూడిద అలాగే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. అందరితోపాటు నేనూ కొట్టాను.

భోజనం పెట్టేచోటికి చేరేసరికి వంట ఇంకా కాలేదు. గ్యాసు అయిపోయిందట, వంటవాడు కట్టెలు తెప్పించి అప్పుడే ఎసరు పెడుతున్నాడు. మామిడిచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో అందరమూ నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నాం. జానెడు పడుగుకు ఇద్దరి చేతుల మీద పావుగంట చాలు. ఆ లెక్క నాకు రాకపోలేదు, నేత ఇంటివాణ్ణే కదా. కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటూ, పైకి వంటవాణ్ణి తిట్టాను. నా భార్య ఆకలి వేయడం లేదని, అయినా నలుగురిలో తినకపోతే బాగుండదని, కాస్త పెరుగన్నం తిన్నది. తినే ముందు పంపు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నది.

మరునాడు ఆ పెద్ద గుడి చూశాం, గంటన్నర. చాలా గొప్ప గుడి, అందులో అబద్ధం లేదు. ఆమె అన్నిచోట్లా దణ్ణం పెట్టుకుంది, గుంపుతో కలిసి అన్ని ఫోటోల్లోనూ నిలబడింది, అన్నిట్లోనూ నవ్వుతూనే ఉంది. ఆ మిగిలిన నాలుగు రోజుల్లో ప్రతిచోటా బస్సు దగ్గరికి అందరికంటే ముందు వచ్చి నిలబడింది ఆమే. అంగళ్ళలోకి కూడా పోలేదు. గైడు అది చూసి, అమ్మగారికి భయం పట్టుకుంది సార్ అని నవ్వాడు. తిరిగొచ్చాక ఇరుగుపొరుగు అడిగితే గుడి బాగుంది, అన్నం బాగుంది, జనం మంచివాళ్ళు అని చెప్పేది. ఆ ఇంటి సంగతి నా ఎదుట ఎవరితోనూ అనలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే క్షమించమని అడగాలి, అడిగే అలవాటు మా ఇంట్లో మగవాళ్ళెవరికీ లేదు. రేపు అడుగుదాం అని మూడేళ్ళు గడిపాను. ఒక చలికాలం నాలుగు రోజుల జ్వరంతో ఆమె వెళ్ళిపోయింది.

కర్మలన్నీ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, కూతురు నాతో వారం రోజులు ఉంది. అమ్మ బట్టలు మడతపెడుతుంటే ఆ ఎర్రటోపీ బయటపడింది. నేను తట్టుకోలేక, జరిగిందంతా చెప్పేశాను, లేపడం, పాడించడం, అంతా. కూతురు నాకేసి వింతగా చూసింది. అమ్మ నాకెప్పుడో చెప్పింది కదా నాన్నా అంది. పాడించిన సంగతి మాత్రం ఆ పిల్లకు తెలియదు, వాళ్ళమ్మ చెప్పలేదు. చెప్పింది వేరే. వాళ్ళమ్మ మాటల్లోనే చెప్పింది:

"మీ నాయన వచ్చి ఎనక నిలబడుకున్నాడే. ఆయన చెప్పుల సద్దు నాకు తెలీదా? పిలవకుండా సుమ్నే చూస్తా ఉండాడు. బస్సును నిలిపేసి వచ్చినాడు నా కోసరం, ఇంగేం దిగుల్లేదు అనుకొని నిమ్మళంగా అతుకుతా ఉన్నా. అంత సంతోషం నాకెప్పుడూ కాలేదే."

నేను ఆ ఎర్రటోపీని తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. కూతురు, అమ్మ అది చెప్పేటప్పుడు చాలా నవ్వింది నాన్నా, అని నన్ను ఓదార్చబోయింది.

కాలం మారిపోయింది. పోయిన ఏడు పనిమీద పేటకు పోయి మా సందులో నడిచాను. ఒక్క మగ్గం చప్పుడు లేదు, అన్నీ వైర్ల అంగళ్ళు, ప్లాస్టిక్ అంగళ్ళు, మా ఇల్లున్న చోట మూడంతస్తుల గోడౌను. పడుగు అతకడం తెలిసిన ఆడవాళ్ళు ఎవరైనా మిగిలారా అని ఒక ముసలాయన్ని అడిగితే, అది యంత్రం చేస్తుందప్పా ఇప్పుడు అన్నాడు. ఇప్పటి పిల్లలు గుంపులో పోరు, గైడును పెట్టుకోరు, ఫోనులోనే అన్నీ చూసుకుని ఇద్దరే పోతారు, మనసైన చోట మనసైనంతసేపు ఆగుతారు. మా కూతురూ అల్లుడూ అలా ఏదో ఊళ్ళో రోజంతా ఒక ఏటి ఒడ్డున కూర్చుని వచ్చామని చెబితే, ఎన్ని చూడకుండా వదిలేశారో అని జాలిపడాల్సిన నేను, అసూయపడ్డాను. నాకు కూడా ఇప్పుడు ఎక్కడికీ వేళకు చేరవలసిన పని లేదు. పొద్దున్నుంచి సాయంకాలం దాకా సమయం అంతా నాదే, ఎవరినైనా ఎంతసేపైనా నిలబడి చూడగలను. నలభై ఏళ్ళ కాపురంలో నా భార్యను నిండుగా సంతోషపెట్టింది ఎంతసేపని నన్ను నేను ప్రశ్నించుకుంటే, ఆమె చెప్పిన ప్రకారం ఆ రెండు మూడు నిమిషాలే తేలుతున్నాయి. అవి కూడా నేను ఇచ్చినవి కావు, నా గురించి ఆమె పొరబడినందువల్ల ఆమెకు దొరికినవి.